కొక్కేల ఊరు

జనవరి 11, ఆదివారం

ఇవాళ కూడా టూరిస్టు బస్సు సరిగ్గా మా జిరాక్స్ షాపు ముందే ఆగింది. దిగినవాళ్లు దిగినట్టే గోడకున్న కొక్కేలకు ఫొటోలు తీసుకున్నారు. ఒకావిడ తన హ్యాండ్‌బ్యాగ్ కావాలనే బెంచీ మీద వదిలేసి, అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడి, ఎవరైనా తీసి కొక్కేనికి తగిలిస్తారా లేదా అని వీడియో తీసింది. ఎదురు షాపు టైలర్ లేచి వచ్చి తగిలించాడు. ఆవిడ చప్పట్లు కొట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. మేమేమన్నా జూలో కోతులమా?

దేన్నయినా తిట్టాలంటే ముందు దాన్ని ఉన్నదున్నట్టు వర్ణించాలని మొన్న చదివిన కరపత్రంలో ఉంది. సరే, వర్ణిస్తాను. మా ఊళ్లో ప్రతి వీధి మొదట్లో గోడకు వరసగా ఇనప కొక్కేలు ఉంటాయి, భుజమెత్తున, పసుపు రంగు వేసి. దారిలో ఏదైనా దొరికితే దగ్గర్లో ఉన్న కొక్కేనికి తగిలించి మన దారిన మనం పోవాలి. పోగొట్టుకున్నవాడు వచ్చి, వస్తువు ముందు నిలబడి, చుట్టుపక్కలవాళ్లకు వినపడేలా ఇది నాది అని చెప్పి తీసుకోవాలి. ఎవరూ రుజువు అడగరు. పైకి చెప్పడమే రుజువు. ఈ పద్ధతి వల్లనే మాకు పేరు. రైల్వే స్టేషన్‌లో పెద్ద బోర్డు కూడా పెట్టారు: ఈ ఊళ్లో ఏదీ పోదు.

ఏదీ పోదట. మా అద్దెలు పెరిగాయి, మా పార్కు సగం పోయింది, నదీతీరం మొత్తం హోటళ్ల పాలైంది. అవి ఏ కొక్కేనికి వేలాడుతున్నాయో ఎవరైనా చూపిస్తే వెళ్లి నాది అని అరుస్తాను.

వచ్చే నెల రెండో తారీకున ఒక టీమ్ వస్తోంది. ‘నమ్మదగిన నగరం’ అన్న బిరుదు మళ్లీ మాకే ఇవ్వాలా వద్దా అని చూసిపోతుందట. ఊరంతా బ్యానర్లు.

నా చదువు సంగతి కూడా రాసి పెట్టుకుంటాను. కాలేజీకి వెళ్లలేదు. జిరాక్స్ షాపులో చేరాను. అద్దెదారుల సంఘం, డ్రైవర్ల యూనియన్, లోకం రేపే అంతమవుతుందనేవాళ్లు, అందరూ కాపీలకు మా దగ్గరికే వస్తారు. మిషన్ వేడెక్కక ముందు వచ్చే మొదటి కాపీ ఎప్పుడూ మసకగా ఉంటుంది. అది కస్టమర్‌కు ఇవ్వకూడదు. అది నాది. నా తలలో ఉన్నదంతా ఆ మసక కాపీల్లోంచి వచ్చిందే. సాయంత్రం ఇంటికి తెచ్చి నానమ్మకు చదివి వినిపిస్తాను. అమ్మానాన్న పోయాక నన్నూ అన్నయ్యనూ పెంచింది ఆవిడే. చెవి మిషన్ సవరించుకుని, తలూపుతూ, శ్రద్ధగా వింటుంది. బోరు కొడితే మిషన్ ఆఫ్ చేసుకుని అంతే శ్రద్ధగా తలూపుతుంది. ఏది ఏదో కనిపెట్టడం నాకింతవరకు చేతకాలేదు.


జనవరి 14

నానమ్మ చెవి మిషన్ మళ్లీ పోయింది. మళ్లీ దొరికింది. వాకింగ్‌కు వెళ్లినప్పుడల్లా ఎక్కడో జారిపోతుంది. ఈసారి బ్రెడ్ షాపు గోడకు, రుమాలులో మూటకట్టి వేలాడుతోంది. నానమ్మ దాని ముందు నిలబడి ఇది నాదీ అని కేక పెట్టింది. చెవిలో మిషన్ లేదు కదా, ఎంత గట్టిగా అరుస్తోందో ఆవిడకు తెలియదు. బ్రెడ్ షాపు అక్క చేతిలో ట్రే పట్టుకునే పడీపడీ నవ్వింది. నేను కూడా నవ్వాను.

ఒప్పుకుంటాను. ఆ ఒక్క నిమిషం ఈ ఊరంటే ఇష్టం వేసింది.


జనవరి 19, తెల్లవారి 5:40

చేతులకు జిగురు ఆరలేదు, అయినా ఇప్పుడే రాయాలి.

అద్దెదారుల మీటింగు పోస్టర్లు అంటించడానికి చీకటితో బయల్దేరాను. కూరగాయల మార్కెట్ మలుపు దగ్గర, తలకు మఫ్లర్ చుట్టుకున్న మనిషి ఒకడు పెద్ద గోనెసంచితో కొక్కేల ముందు నిలబడి ఉన్నాడు. చేయి ఎత్తుతున్నాడు, దించుతున్నాడు, సంచిలో పెడుతున్నాడు. దొంగ! మా ఊళ్లో! వెనకనుంచి వెళ్లి కాలర్ పట్టుకుని, చేతిలో ఉన్న జిగురు బ్రష్‌తో మొహం మీద ఒక్కటి ఇచ్చాను. వాడు కెవ్వుమన్నాడు. ఆ కేక నాకు చిన్నప్పటినుంచి తెలుసు.

నువ్వా అన్నాను. నువ్వా అన్నాడు అన్నయ్య.

సంచి ఒరిగి కింద పడింది. గొడుగులు, మఫ్లర్లు, ఒక ఎలుగుబంటి బొమ్మ, ఒంటి గ్లౌజు, పిల్లల వాటర్ బాటిల్. దొంగతనం చేస్తున్నావా అన్నాను. కనుబొమ్మల మీద జిగురు తుడుచుకుంటూ, తియ్యడం లేదే పిచ్చిదానా, పెడుతున్నాను అన్నాడు.

పెడుతున్నాడట.


అదే రోజు, సాయంత్రం

మొత్తం కక్కించాను.

అన్నయ్యది మునిసిపాలిటీలో ‘హెరిటేజ్ మెయింటెనెన్స్’ కాంట్రాక్టు ఉద్యోగం. కొక్కేలకు పెయింట్ వేస్తాడనుకున్నాం అందరం. పెయింట్ వేసేది ఏడాదికోసారి. మిగతా రోజులు తెల్లవారకముందే వెళ్లి వాటికి వస్తువులు తగిలిస్తాడు. అన్నయ్యలాంటివాళ్లు ఇంకొందరున్నారు, వార్డుకొకరు. స్టోర్ రూమ్‌లో గొడుగులు గుట్టలుగా పడి ఉంటాయట. కొత్తవి కొని, నేలకేసి రుద్ది, పాతవాటిలా చేస్తారట. ఒకతని పనైతే మరీ ఘోరం. టూరిస్టు బస్సు ఆగగానే పరుగెత్తుకుంటూ వచ్చి, కళ్లనీళ్లు పెట్టుకుని, అయ్యో ఇది నాదే అని చెప్పి గొడుగు తీసుకోవాలి. రోజుకొక వీధిలో. ఆ బాబాయి గొప్ప యాక్టర్ అని అన్నయ్య మెచ్చుకుంటున్నాడు!

ఎప్పటినుంచి అని అడిగాను. కొన్నేళ్లుగానే అన్నాడు. జనానికి తీరిక తగ్గింది, దొరికిన వస్తువు చూసీ చూడనట్టు పోవడం మొదలుపెట్టారు, కొక్కేలు ఖాళీ అయ్యాయి, టూరిస్టులు వచ్చి ఖాళీ గోడలకు ఫొటోలు తీసుకుని మొహాలు చిట్లించారు, ఆఫీసర్లకు చెమటలు పట్టాయి. అంతే.

అంటే ఊరి పేరు నాటకమన్నమాట అన్నాను. అన్నయ్యకు కోపం రాదు, అదే నాకు కోపం. నిదానంగా చెప్పాడు. ఖాళీ గోడకు ఎవరూ ఏమీ తగిలించరు, నాలుగు వేలాడుతున్న గోడ దగ్గరికి ఐదోది దానంతట అదే వస్తుంది, నువ్వు నమ్మినా నమ్మకపోయినా ఈ మధ్య నేను పెట్టనివి కూడా కనిపిస్తున్నాయి అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు వాడి మొహం చూడాలి, మొక్క చిగురు వేసినవాడిలా.

వదిన వంటింట్లోంచి వచ్చింది. ఆవిడకు ముందే తెలుసట! స్టేషన్ పక్కన షాపులో కొక్కెం బొమ్మ కీచైన్లు అమ్ముతుంది ఆవిడ. ఏమ్మా విప్లవం, తినే కంచంలో నిజం కావాలా కూర కావాలా, రెండూ వడ్డించడం నా వల్ల కాదు అంది.

నాకు కూర వద్దన్నాను. నిజంగానే తినకుండా లేచిపోయాను. ఇప్పుడు ఆకలేస్తోంది.


జనవరి 20

ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకోలేదు అన్నయ్య. నమ్మేశాడు. అదొకటి.


జనవరి 27

మూడు రోజులుగా రాస్తున్నాను. ఇవాళ అయింది.

ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలమ్మే ఆయనకు చూపించాను. అందరూ కళ్లజోడు అంటారు, ఆయనా పలుకుతాడు. ఊరికి పేరు ఎవరు తెచ్చారు, ఎవరు అనుభవిస్తున్నారు అన్న పేరా బాగుందన్నాడు. బాగుండక ఏం చేస్తుంది? గుణం పేదవాడిది, గుణం మీద వచ్చే ఆదాయం హోటళ్లది అని రాశాను. ఒకప్పుడు మన తాతలు నిజంగా సంపాదించిన పేరును ఇవాళ గోనెసంచిలో మోసుకొచ్చి గోడలకు తగిలిస్తున్నారని రాశాను. అన్నయ్య గురించి ఒక్క ముక్క రాయలేదు, ‘కొందరు ఉద్యోగులు’ అన్నాను. చివర్లో పెద్దక్షరాలతో: ఆ గొడుగు ఎవరిది? ఎవరిదీ కాదు! ఆ మఫ్లర్ ఎవరిది? ఎవరిదీ కాదు! శీర్షిక కూడా అదే పెట్టాను. ‘ఎవరిదీ కాదు!’ నాకు నేనే మురిసిపోయాను.

సాయంత్రం నానమ్మకు చదివాను. నిలబడి చదివాను. ప్రతి వాక్యానికీ చెయ్యి విసిరాను. ఆవిడ కళ్లార్పకుండా చూస్తూ మొదటినుంచి చివరిదాకా తలూపింది. అయ్యాక నా చెంప నిమిరింది. ఈ ఇంట్లో నన్ను అర్థం చేసుకునేది ఒక్క ఆవిడే.


ఫిబ్రవరి 1

మా ఓనరును అందరూ టోనర్ బాబాయి అంటారు, జిరాక్స్ మిషన్‌లో పోసే పొడితో వేళ్లు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి కనక. కరపత్రం మొత్తం చదివి, చాలాసేపు గెడ్డం గోక్కుని గెడ్డం కూడా నల్లగా చేసుకుని, కింద నా షాపు పేరు వెయ్యకమ్మా అన్నాడు. నీ పేరు కూడా వెయ్యకు, ఊరి పేరు ఎలాగూ ఉందిగా అన్నాడు. తర్వాత షట్టరు సగం దించి టీకి వెళ్లి, కావాలనే ఆలస్యంగా వచ్చాడు.

ఈసారి మసక కాపీ కూడా నాకోసం ఉంచుకోలేదు. అన్నీ సంచిలో వేశాను.


ఫిబ్రవరి 2

పంచాను! బస్టాండు, మార్కెట్, స్టేషన్, ముఖ్యంగా టీమ్ దిగిన హోటల్. అక్కడ వెయిటర్ ఒకడు అద్దెదారుల సంఘం మనిషి. టిఫిన్ ప్లేట్ల కింద ఒక్కొక్కటి పెట్టాడు.

మధ్యాహ్నానికి ఊరు తేనెతుట్టె అయింది. కమిషనర్ టీమ్ ముందు నిలబడి ఇది మోసం కాదు మెయింటెనెన్స్ అన్నాడట. టీమ్‌లో పెద్దాయన వెంటనే లేచి మార్కెట్ మలుపుకు వెళ్లి, గొడుగులు తిరగేసి చూశాడట. లోపల ధర స్టిక్కర్ చింపడం మర్చిపోయారు. ఒకటికి కాదు, చాలావాటికి. సాయంత్రం రైలుకే వెళ్లిపోయారు.

ఒక కాగితంతో! ఒక్క కాగితంతో!


ఫిబ్రవరి 5

బిరుదు పోయింది. టీవీలో రాత్రింబవళ్లు అదే: నమ్మదగిన నగరం, నకిలీ గొడుగులు. ఇన్నేళ్లు పట్టి వచ్చిన పేరు పోవడానికి ఒక బులెటిన్ సరిపోయింది.

అన్నయ్యనూ మిగతావాళ్లనూ తీసేశారు. కమిషనర్ సీటు కమిషనర్‌కే ఉంది. ఇది నేను ఊహించలేదు. ఊహించాల్సింది, ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది ఈ సంగతి.

రాసింది నేనేనని అన్నయ్యకు తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది, వదిన కాక చెప్పింది నాకొక్కదానికేగా. తిట్టలేదు. గోనెసంచి మడిచి తలుపు వెనక పెట్టాడు. నాతో మాట్లాడటం మానేశాడు, అంతే. ఆ లోటు వదిన తీరుస్తోంది. ఊరిని ఉద్ధరించావు తల్లీ, ఆ చేత్తోనే ఈ అంట్లు కూడా ఉద్ధరించు అంది. ఉద్ధరించాను.


ఫిబ్రవరి 9

విచిత్రం జరుగుతోంది.

షాపు ఎదురు గోడ దగ్గర కాలేజీ కుర్రాళ్లు ముగ్గురు ఆగారు. ఒకడు ఎగిరి గొడుగు లాగి, ఎవరిదీ కాదూ అని అరిచాడు. మిగతా ఇద్దరూ పకపకా నవ్వి వాళ్లూ చెరొకటి లాగారు. ఎవరిదీ కాదూ! నా శీర్షిక జనం నోట్లో! అట్టలు కోస్తున్న కత్తెర అలాగే పట్టుకుని నవ్వుతూ నిలబడిపోయాను. దోచుకున్న పేరుకు ఊరు తీర్పు చెబుతోందనుకున్నాను.

తర్వాత రోజంతా చూస్తూనే ఉన్నాను. అందరూ అదే మాట, అదే రాగం. నాది అనడానికి ఉండే మొహమాటం ఎవరిదీ కాదు అనడానికి లేదు. ఒక పెద్దమనిషి ఒంటి గ్లౌజు తీసుకుపోయాడు. ఒక్క గ్లౌజుతో ఏం చేసుకుంటాడు?

టైలర్ తన షాపు గడపలోంచి చూశాడు. వాటిలో మునిసిపాలిటీవి ఏవో నిజంగా పోయినవి ఏవో నీకేమన్నా తెలుస్తోందా అని నన్ను అడిగాడు. కరపత్రం రాసింది నేనేనని ఆయనకు తెలియదు. పనుందన్నాను.


ఫిబ్రవరి 12

నానమ్మ మిషన్ పోయింది.

ఎప్పటిలాగే పోయింది, వాకింగ్‌లో. ఎప్పటిలాగే దొరుకుతుందనుకున్నాం. నేనే చేయి పట్టుకుని బ్రెడ్ షాపు గోడ దగ్గరికి తీసుకెళ్లాను. ఖాళీ. వరసలో ఒక్కటి లేదు. పసుపు రంగు కొక్కేలు, గోడ.

బ్రెడ్ షాపు అక్క బయటికి పరుగెత్తుకొచ్చింది. మమ్మల్ని చూడగానే తల కొట్టుకుంది. పొద్దున తనకే దొరికిందట, తనే బ్రెడ్ కవర్లో పెట్టి రెండు ముడులు వేసి తగిలించిందట. లోపల ఓవెన్ చూసుకుని వచ్చేసరికి ఒక మనిషి, సూటూ బూటూ వేసుకున్నవాడు, కవర్ విప్పుతున్నాడట. ఇయర్‌ఫోన్ అనుకున్నట్టున్నాడు. ఎవరిదీ కాదు అని పాట పాడినట్టు అన్నాడట. అయ్యా అది ఒక ముసలావిడ చెవి అని అరిచిందట ఆవిడ. అబ్బే, ఇవన్నీ మునిసిపాలిటీవే, కాగితంలో వేశారుగా చూడలేదా అని, ఆవిడకే జాలిగా చెప్పి, జేబులో వేసుకుని వెళ్లిపోయాడట.

కాగితంలో వేశారుగా.

నేను పరుగెత్తాను. ఎటు పరుగెత్తాలో తెలియలేదు. సూట్ వేసుకున్న ప్రతివాడి జేబుల వైపు పిచ్చిదానిలా చూశాను. ఇయర్‌ఫోన్ కాదని తెలిశాక విసిరేసి ఉంటాడు కదా అని చెత్తడబ్బాలన్నీ వెతికాను. మోచేతుల దాకా చెత్త. మార్కెట్ నుంచి పార్కు దాకా ప్రతి గోడా చూశాను. ఈ ఊళ్లో నేను పుట్టాక ఇన్ని ఖాళీ కొక్కేలు చూడలేదు. నోళ్లు తెరుచుకున్నట్టు ఉన్నాయి.

తిరిగి వచ్చేసరికి నానమ్మ ఇంకా అక్కడే ఉంది, గోడ ముందు. ఇది నాదీ అని అరుస్తోంది ఖాళీ కొక్కేనికి. బహుశా వస్తువు ఎక్కడుందో కనపడకపోతే గట్టిగా అడగాలనుకుంది. ఈసారి వీధిలో ఎవరూ నవ్వలేదు.


ఫిబ్రవరి 13

ఇంట్లో అందరూ సైగలతో మాట్లాడుతున్నారు. ఒకరితో ఒకరు కూడా.


ఫిబ్రవరి 16

చెవి డాక్టరమ్మ చెప్పింది: ఆ మోడల్ ఇప్పుడు ఎవరూ తయారుచేయడం లేదు. వినికిడి మిగిలింది దారమంత, ఆ పాత మిషన్‌కు ఏళ్ల తరబడి అలవాటుపడి ఆ దారం పట్టుకుని నడిచింది ఇన్నాళ్లూ. కొత్తది పెట్టి చూశారు. నానమ్మ రెండు నిమిషాలు కూర్చుని తీసేసింది. రేకు డబ్బాలో రాళ్లు పోసి ఊపుతున్నట్టుంది, ఇంతకంటే నిశ్శబ్దమే మర్యాదగా ఉందంది. డాక్టరమ్మ కూడా బలవంతం చేయలేదు.

దారిలో అన్నయ్య ఆవిడ చేయి పట్టుకున్నాడు. రెండో చేయి నేను. మధ్యలో ఆవిడ ఉంది కాబట్టి మేం మాట్లాడుకోకపోయినా సరిపోయింది.


ఫిబ్రవరి 20

వినపడకపోయేసరికి నానమ్మ మాట్లాడటం ఎక్కువైంది. ఆగమని చెప్పేవాళ్లు లేరు కదా. ఇవాళ వరద కథ మొదలుపెట్టింది. నాకు తెలిసిన కథే, స్కూలు పుస్తకంలో ఉంది: వరద వచ్చింది, ఒకరి సామాన్లు ఒకరి ఇళ్లలోకి కొట్టుకుపోయాయి, నీళ్లు తీశాక ఊరివాళ్లందరూ దొరికినవన్నీ తెచ్చి గోడ మేకులకు తగిలించారు, అప్పటినుంచి మన ఊరికి పేరు. నేను సగం వింటూ బట్టలు మడతపెడుతున్నాను.

అందరూ తెచ్చారని రాశారా పుస్తకంలో, ఒక్కడూ తేలేదు అంది నానమ్మ.

మడత ఆపేశాను.

అంతకుముందు మన ఊరికి ఉన్న పేరేమిటో తెలుసా అంది. దొంగల ఊరు. రైలు మన స్టేషన్ దాటేదాకా జనం సంచుల మీద ఎక్కి కూర్చునేవాళ్లు, నేను పెళ్లయి వచ్చేటప్పుడు మా పుట్టింటివాళ్లు నా పెట్టెకు రెండు తాళాలు వేసి పంపారు. వరద తీశాక పెద్దలు గోడకు మేకులు కొట్టి, దొరికినవి తెచ్చి తగిలించండని వీధివీధీ చెప్పారు. ఎవరికి దొరికింది వాళ్లు లోపల పెట్టుకుని తలుపులేసుకున్నారు. మేకులు తుప్పు పడుతున్నాయి. చూసి చూసి నాకు ఒళ్లు మండింది (ఇది నాకు ఆవిడనుంచే వచ్చిందన్నమాట), ఒకరోజు మీ తాతయ్య కోటు తీసుకెళ్లి తగిలించాను. ఆయన్ను అడగలేదు. అడిగితే ఇచ్చే మనిషి కాదు. ఎవరిదమ్మా అంటే ఏమో, మా ఇంట్లోకి కొట్టుకొచ్చింది అన్నాను.

మర్నాడు కోటు పక్కన ఒక పెనం. ఆ తర్వాత లాంతరు, పిల్లల ఉయ్యాల, ఎవరివో బూట్లు. తర్వాత మేకులు చాల్లేదు.

తాతయ్య ఆ చలికాలమంతా వణుకుతూ తిరిగాడట. రోజూ తన కోటు ముందునుంచే పనికి వెళ్లేవాడట. ఒకాయన ఆపి, అది మీ కోటులా ఉందే అంటే, కాదండీ, నాది ఇంకా బాగుండేది అన్నాడట. నానమ్మ ఇది చెప్పి చెప్పి నవ్వింది. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. చివరికి ఒకడు వచ్చి, నలుగురిలో నిలబడి ఇది నాది అని చెప్పి కోటు తీసుకుపోయాడట! అది వేసుకుని మన వాకిట్లోంచే నడిచేవాడు, మీ తాతయ్య ఎదురొచ్చి నమస్కారం పెట్టేవాడు, వాడికి కాదు, కోటుకి అంది.

పాడైపోయిన జిరాక్స్ కాగితం వెనక పెద్దక్షరాలతో రాసి చూపించాను: ఇదంతా నేను కరపత్రం చదివిన రోజు ఎందుకు చెప్పలేదు?

కళ్లు చికిలించి చదివింది. ఆ రోజు మిషన్ ఆఫ్ చేసుకున్నానే అంది. నువ్వు ఊగిపోతున్నావు, చూడటానికి ఎంత బాగున్నావో, ఆ చప్పుడు లేకుండా చూద్దామనిపించింది.


ఫిబ్రవరి 21

నేను ‘మన తాతలు నిజంగా సంపాదించిన పేరు’ అని రాశాను.

మొదటి కోటు కూడా అన్నయ్య సంచిలోదే.


ఫిబ్రవరి 24

ఇంకో కాగితం మీద రాశాను. కరపత్రం రాసింది నేను, నీ మిషన్ పట్టుకుపోయినవాడికి ఆ మాట నేర్పింది నేను, అని. ఇచ్చి, ఎదురుగా నిలబడ్డాను.

రెండుసార్లు చదివింది. నా వైపు చూడలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, వంగి, ఎప్పటినుంచో ఊగుతున్న టేబుల్ కాలు కింద దోపింది. టేబుల్ కదిపి చూసింది. ఇప్పుడు బాగుంది అంది. చదువుకున్నదానివి, ఇన్నాళ్లూ ఆ టేబుల్ సంగతి నీకు తట్టలేదేమే అంది.

చెంప మాత్రం నిమరలేదు.


ఫిబ్రవరి 27

కళ్లజోడు ఇవాళ కొత్త కరపత్రం అడిగాడు. ‘ఎవరిదీ కాదు’ రెండో భాగం రాయమన్నాడు, వేడి చల్లారకముందే. మొదటిదాంట్లో అబద్ధం ఉందా అని అడిగాను. ఒక్క ముక్క లేదన్నాడు. అదే కదా, ఒక్క ముక్క లేదు. అయితే నేనెందుకు పరుగెత్తాను చెత్తడబ్బాల వెంట?

రాయనన్నాను. భయపడ్డావా అన్నాడు. నోటికొచ్చినన్ని తిట్టాను ఆయన్ని. పాపం.

స్టేషన్ బోర్డు తీసేశారు. ప్రయాణికులు సంచులు కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంటున్నారు. వదిన షాపులో కీచైన్లు సగం ధరకు పెట్టారు.


మార్చి 1, తెల్లవారి 6:15

తలుపు వెనకనుంచి గోనెసంచి తీశాను. పెట్టడానికి పెద్దగా ఏమీ దొరకలేదు నా దగ్గర. గొడుగు, చెక్క పిడిది, నా మొదటి జీతంతో కొన్నది. అదొక్కటే సంచిలో వేసుకుంటే అంత పెద్ద సంచిలో ఎక్కడుందో తెలియడం లేదు.

బ్రెడ్ షాపు గోడ దగ్గర నిలబడ్డాను. ఎవరైనా చూస్తే ఏం చెప్పాలి? దొరికిందని చెప్పాలి. అంటే అబద్ధం. ప్రతి కొక్కెం ముందూ ఆగాను, ప్రతిసారీ నా కరపత్రంలోంచి ఒక పేరా నాకే అడ్డొచ్చింది. చివరికి మధ్యలో ఉన్నదానికి తగిలించాను. జారి పడింది. మళ్లీ తగిలించాను. మళ్లీ పడింది.

గొడుగు అలా కాదే తగిలించేది.

అన్నయ్య. ఎప్పటినుంచి నా వెనక వస్తున్నాడో. ఇన్ని వారాల తర్వాత వాడు నాతో అన్న మొదటి మాట ఇది. పిడి గోడ వైపు కాదు, మనిషి వైపు ఉండాలి, పోగొట్టుకున్నవాడు దూరంనుంచే గుర్తుపట్టాలి అన్నాడు. తీసి, తిప్పి, తగిలించాడు. రెండడుగులు వెనక్కి వేసి తల పక్కకు వంచి చూశాడు, పటం సరిగ్గా ఉందా అని చూసినట్టు. లోపల ధర స్టిక్కర్ చింపావా అన్నాడు.

ఇది కొని రెండేళ్లయింది, స్టిక్కర్ ఎక్కడుంటుంది అన్నాను. నువ్వు మా ఆఫీసర్ల కంటే నయం అన్నాడు.

నవ్వలేదు ఇద్దరం. కానీ కలిసి ఇంటికి నడిచాం. వాడికి గోడౌన్‌లో మూటలు దించే పని దొరికిందట, రేపటినుంచి.


మార్చి 2

వాన. గొడుగు కావాల్సి వచ్చింది. దాని ముందునుంచే తడుస్తూ షాపుకు వెళ్లాను. టోనర్ బాబాయి చూసి, అది నీ గొడుగులా ఉందే అన్నాడు.

కాదన్నాను.


మార్చి 3

గొడుగు లేదు. తీసుకున్నవాళ్లు ఏమని అరిచారో, నాదనో, ఎవరిదీ కాదనో, బ్రెడ్ షాపు అక్క వినలేదట.

పక్క కొక్కేనికి చిన్నపిల్ల చెప్పు ఒకటి. ఎడమ కాలిది. తడిసి ఉంది. పట్టీని గాలికి ఎగిరిపోకుండా దారంతో కట్టారు.

గోడౌన్ దాకా పరుగెత్తి అన్నయ్యను అడిగాను. మూట భుజం మీదే ఉంచుకుని, నేను పెట్టలేదు అన్నాడు.

నేనూ పెట్టలేదు.